నిత్యము వేసుకొను మందులు – సెల్‌ఫోను చేయగల సహాయము
(ఇంట పెద్దలకు చదివి వినిపించుటకు ఒక పాఠము)

1. విషయము

జ్వరము వచ్చినవాడు వైద్యుడు చెప్పిన దినములు మందు పుచ్చుకొనును, జబ్బు నయమగును, ఆ ఖాతా అంతటితో తీరిపోవును. రక్తపోటు, మధుమేహము, థైరాయిడు, గుండె జబ్బు, మూర్ఛ, నీటికాసులు మొదలగు దీర్ఘరోగముల సంగతి అట్లు కాదు. ఇవి తీర్చివేయు అప్పు వంటివి కావు, అంగడి అద్దె వంటివి. అంగడి నడచినంత కాలము అద్దె కట్టవలసినట్లే, ఈ మందులను సంవత్సరముల తరబడి, పెక్కుమంది జీవితాంతము, వేళ తప్పక వేసుకొనవలెను.

ఈ పని చూచుటకు చిన్నది, చేయుటకు కష్టమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003వ సంవత్సరమున ఒక నివేదిక ప్రకటించినది. ధనిక దేశములలో సైతము దీర్ఘరోగులలో సగటున సగము మందియే చెప్పిన ప్రకారము మందు వాడుచున్నారనియు, బీద దేశములలో ఈ లెక్క ఇంకను తక్కువనియు అందు వ్రాయబడినది.

దీనికి సోమరితనమొక్కటే కారణము కాదు. పంటినొప్పి మాత్ర మానినచో పన్నే జ్ఞాపకము చేయును. రక్తపోటు మాత్ర మానినచో ఒళ్ళు ఏమియు చెప్పదు. ఆ రోజు బాగుగనే గడచును, మరునాడును బాగుగనే గడచును. మందు అక్కరలేదని రోగికి తోచును. లోపల రక్తనాళములు, మూత్రపిండములు, గుండె మాత్రము చెడుచునే యుండును. తుదకు పక్షవాతము వచ్చిన దినమున గాని సంగతి బయటపడదు. నీటికాసుల జబ్బులో కంటి చుక్కలు మానినచో చూపు అంచులనుండి తగ్గుచు వచ్చును; పోయిన చూపు మరల రాదు.

మన కుటుంబములలో నేడు మరియొక చిక్కు కలదు. కుమారులు వ్యాపారము నిమిత్తము కోయంబత్తూరు, చెన్నై, బెంగుళూరులలో స్థిరపడుచున్నారు. కంబములో ఇల్లు, అంగడి, వృద్ధ దంపతులు మిగులుచున్నారు. ఉదయము మాత్ర వేసుకొన్నారో లేదో చూచుటకు ఎదుట ఎవరును లేరు. అయితే ఫోను లేని ఇల్లు లేదు. ఆ ఫోను మందు విషయములో ఎంతవరకు పనికివచ్చును? దానిని వాడుకొను నేర్పు రోగికి ఉన్నదా? లేనిచో ఎట్లు నేర్పవలెను? ఇదియే ఈ పాఠమున విచారింపవలసిన సంగతి.

2. మదరాసులో ఈ ప్రశ్న పుట్టిన విధము

ఈ ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. మొదట క్షయరోగ వైద్యమున మన మదరాసు నగరములోనే వచ్చినది. ఆ కాలమున క్షయరోగిని శానిటోరియములో నెలల తరబడి పడుకోబెట్టి, మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి ఇచ్చుట ముఖ్యమని తలచుచుండిరి. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలసి మదరాసులో ఒక క్షయ చికిత్సా కేంద్రమును స్థాపించినవి. నగరములోని బీద రోగులలో కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరిని వారి వారి ఇండ్లలోనే ఉంచి, ఉభయులకును ఒకే మందులు ఒక సంవత్సరము ఇచ్చిరి. 1959లో ఫలితము వెలువడినది. ఇంట నుండి మందు తిన్నవారికిని శానిటోరియములో నున్నవారికిని గుణము ఇంచుమించు సమానముగనే కనిపించినది. లోకమంతటను క్షయ వైద్యపు తీరు దీనివలన మారినది.

అయితే వెంటనే ఒక కొత్త చిక్కు వచ్చినది. ఇంట నున్న రోగి మందు మ్రింగినాడో లేదో ఎవరు చూచుట? ఆ కేంద్రమున పనిచేసిన డాక్టరు వాలెస్ ఫాక్స్ 1958లోనే, రోగి తనంతట తాను మందు వేసుకొనుటలో గల చిక్కులను గూర్చి వ్యాసము వ్రాసెను. ఎదుట నొక మనిషి నిలిచి మందు మ్రింగించు పద్ధతి అక్కడనుండి బలపడినది. ఆ ఎదుటి మనిషి పనిని కొంత ఫోనుకు అప్పగింపవచ్చునా యని అర్ధ శతాబ్దము తరువాత పలుచోట్ల ప్రయత్నించిరి.

3. ఫోనుతో చేసిన పరీక్షలు

సరుకు కొనుటకు ముందు మచ్చు చూచుట మన ఆచారము. ఇక్కడ నాలుగు మచ్చులు చూతము.

మొదటిది, 99డాట్స్ అను పద్ధతి. ఇది మన దేశమున క్షయరోగుల కొరకు ఏర్పడినది. మాత్రల స్ట్రిప్పునకు ఒక అట్ట తొడుగు ఉండును. మాత్రను నొక్కి బయటికి తీయగానే అట్ట చినిగి, దాని వెనుక దాగియున్న ఫోను నెంబరు కనబడును. ఆ నెంబరునకు రోగి ఖర్చు లేని మిస్డ్ కాల్ ఇయ్యవలెను. ఏ మాత్ర వెనుక ఏ నెంబరు ఉన్నదో ముందుగా తెలియదు గనుక, నెంబరు చెప్పగలిగిన వాడు మాత్ర తీసినట్లే యని తలంపు. మిస్డ్ కాల్ అనునది మన దేశమున చదువురానివారికి కూడ తెలిసిన విద్య. కావున ఆలోచన తెలివైనదే. కాని పరిశోధకులు చెన్నై, వేలూరు, ముంబయి నగరములలో ముందు చెప్పకుండ రోగుల ఇండ్లకు పోయి, మూత్రపరీక్షతో మందు జాడ చూచి, ఫోను లెక్కతో సరిపోల్చిరి. 2020లో వెలువడిన ఫలితమేమనగా, ఫోను లెక్క తగినంత నమ్మదగినది కాదు. మందు వేసుకొనియు ఫోను చేయనివారు ఎందరో కలరు. వేసుకొనకయే లెక్కకు ఎక్కినవారును కలరు.

రెండవది, దక్షిణ భారతమున హెచ్.ఐ.వి. రోగులపై జరిగిన పరీక్ష. 631 మందిలో సగము మందికి వారమునకొక పర్యాయము వారి స్వభాషలో ఫోను మాటయు, ఒక బొమ్మ సందేశమును పంపిరి. ఇంచుమించు రెండు సంవత్సరములు ఇట్లు చేసిన పిమ్మట, 2014లో ప్రకటించిన ఫలితములలో ఫోను అందినవారికిని అందనివారికిని చెప్పదగిన భేదము లేకపోయినది.

మూడవది, 2013లో చెన్నైకి చెందిన డాక్టరు ఎ. రామచంద్రన్ గారి బృందము ప్రకటించినది. మధుమేహము అంచున నున్న 537 మంది పురుషులలో ఒక భాగమువారికి ఆహారము, నడక మొదలగు వాని గూర్చి తరచు పొట్టి సందేశములు పంపిరి. రెండేండ్లలో సందేశములు లేనివారిలో నూటికి 27 మందికి మధుమేహము రాగా, సందేశములు అందినవారిలో నూటికి 18 మందికే వచ్చినది. ఇది మాత్రల పరీక్ష కాదు, అలవాట్ల పరీక్ష. అయినను ఫోను మాట మనిషిని కదిలింపగలదని తెలియుచున్నది. ఆ సందేశములు ఆయా మనిషి మార్పునకు ఎంతవరకు సిద్ధముగా నున్నాడో కనిపెట్టి పంపినవని గుర్తుంచుకొనవలెను.

నాలుగవది, ఆంధ్రప్రదేశములోని పశ్చిమ గోదావరి జిల్లాది. అక్కడ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ పరికరములిచ్చి, గుండె జబ్బు భయము గలవారిని కనిపెట్టి వైద్యుని యొద్దకు పంపు ఏర్పాటు చేసిరి. 2019లో వెలువడిన ఫలితమున రక్తపోటు అదుపులో గణనీయమైన భేదము కనపడలేదు. పరికరము మంచిదే. కాని పరికరము చెప్పినంత మాత్రమున వైద్యుడు మందు వ్రాయుట, మందు దొరకుట, రోగి మ్రింగుట అను మూడును జరుగవు గదా!

ఇక 2017లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రములలో మొదలైన రక్తపోటు నియంత్రణ పథకములోని ఒక ఏర్పాటు మన వర్తకులకు సులభముగ బోధపడును. ఆ పథకము క్రింద కొన్ని రాష్ట్రములలో నర్సు ఫోనులోనే రోగుల ఖాతాలుండును. వాయిదా నాటికి మందు కొరకు రానివారి పేర్లు వేరుగా కనబడును. నర్సు ఆ పట్టిక పట్టుకొని ఒక్కొక్కరికి ఫోను చేసి, ఏల రాలేదని అడుగును. బాకీదారుల పట్టిక చూచి కబురు పంపుట మనము తరతరములుగా చేయుచున్న పనియే కదా.

వీని సారము ఇది. ఫోను మోగినంత మాత్రమున మందు కడుపులోనికి పోదు. రోగికి ఆ ఫోనును తానై వాడుకొను నేర్పు ఉండవలెను. అవతలి కొనను జవాబు చెప్పు మనిషి ఉండవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను ఆ ఫోను గోడగడియారముతో సమానము.

4. కంబం లోయలో మనకున్న వసతులు, చిక్కులు

1996లో మదురై నుండి విడివడిన మన తేని జిల్లాలో దూరవైద్యము కొత్త మాట కాదు. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రికి తేనిలో 1985 నుండి శాఖ కలదు. 2000 తరువాతి దశాబ్దమున అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయము వారును, ఇంటెల్ సంస్థ వారును తోడ్పడగా, తేని ఆసుపత్రికిని చుట్టుపట్ల ఊళ్ళలోని చిన్న దృష్టి కేంద్రములకును దూరపు వైఫై ద్వారా మాటయు బొమ్మయు పంపు ఏర్పాటు జరిగినది. రోగి తన ఊరి దగ్గరనే కూర్చుండి తేనిలోని వైద్యునితో ముఖాముఖి మాటలాడగలిగెను. అక్కడ యంత్రమును నడుపుటకు శిక్షణ పొందిన ఉద్యోగులుందురు. రోగికి యంత్రవిద్య అక్కరలేదు. ఆ ఏర్పాటు నిలదొక్కుకొనుటకు అదియొక కారణమని నా అభిప్రాయము.

తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5వ తేదీన కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించిన "మక్కళై తేడి మరుత్తువం" పథకము క్రింద రక్తపోటు, మధుమేహము గలవారికి ఇంటి వాకిటనే పరీక్షయు మాత్రలును అందుచున్నవి. 104 నెంబరునకు ఫోను చేసి ఆరోగ్య సలహా అడుగవచ్చును. 108 ఆపద వేళ అంబులెన్సు నిమిత్తము. ఈ-సంజీవని అను ప్రభుత్వ ఏర్పాటు వలన 2020 ఏప్రిలు నుండి రోగి ఇంటనుండియే వైద్యుని ఫోను తెరమీద చూచి మాటలాడ వీలైనది.

వసతులు ఇన్ని యుండగా చిక్కు ఎక్కడ? భాషలో ఉన్నది. ఈ మదురై, కోయంబత్తూరు ప్రాంతపు పాత తెలుగు ఇండ్లలో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరము తమిళము, ఫోనులో వచ్చు సందేశము ఇంగ్లీషు. తెలుగు మాటలాడువారిలో తెలుగు అక్షరము రానివారు ఎందరో! మందుల అంగడి నుండి "మీ మందు అయిపోవచ్చినది" అను సందేశము ఇంగ్లీషున వచ్చినచో, డెబ్బది యేండ్ల అవ్వకు అది బ్యాంకువారి ప్రకటనయు కావచ్చును, లాటరీ మోసమును కావచ్చును. ఆమె తుడిచివేయును. ఆమెకు తెలివి లేదని దీని అర్థము కాదు. ఏలక్కాయ ధరను గ్రాముతో సహా నోటిలెక్కగా చెప్పగల ఆడవారు మన ఇండ్లలో కలరు. అంకెలు వచ్చును, అక్షరములు రావు, అంతియే భేదము. కావున నేర్పు నేర్పునప్పుడు అంకె, రంగు, బొమ్మ, గొంతు అను నాలుగింటిని ఆధారము చేసికొనవలెను.

రెండవ చిక్కు కన్ను, చెవి, చేయి. మధుమేహముతో చూపు మందగించినవారికి చిన్న అక్షరము కానరాదు. వణకు చేతికి తెరమీది గుర్తు చిక్కదు. ఫోనులో అక్షరము పెద్దది చేయు వీలును, శబ్దము పెంచు వీలును కలవు. ఇంటి పిల్లలు అయిదు నిముషములలో చేయగల పని ఇది. అయినను అడుగనిదే ఎవరును చేయరు.

మూడవది, ఫోను ఎవరిది యను ప్రశ్న. ఇంటికి ఒక మంచి ఫోను ఉండి, అది పగలంతయు అంగడిలో యజమాని యొద్ద ఉన్నచో, ఇంట నున్న రోగికి వచ్చిన సందేశము రాత్రి గాని తెలియదు. స్త్రీలకు తమ జబ్బు సంగతి అందరి కంటబడుట ఇష్టముండదు. రోగి ఫోను రోగి యొద్దనే ఉండవలెను.

5. రోగికి రావలసిన అయిదు నేర్పులు

(అ) గంట పెట్టుకొనుట. ఫోనులో అలారము పెట్టి, ఆ గంట మోగినప్పుడు మందు వేసుకొనుట మొదటిది. మాత్ర మ్రింగిన పిమ్మటనే గంట ఆపవలెను. "తరువాత వేసుకొందును" అని ముందు గంట ఆపినచో మరచుట తథ్యము. ఫోను చార్జు లేక ఆరిపోయినచో గంట మోగదు గనుక, రాత్రి పడుకొనునప్పుడు చార్జు పెట్టుట ఈ నేర్పులో భాగమే. వారమునకు ఏడు గదులున్న మాత్రల డబ్బా ప్రక్కన ఉన్నచో ఆనాటి గది ఖాళీ అయినదో లేదో కంటికే తెలియును.

(ఆ) పిలుచుట. వైద్యుడు, మందుల అంగడి, కొడుకు లేక కూతురు, 104, 108 అను అయిదు నెంబర్లను ఫోటో లేక గుర్తుతో తెరమీద ముందే పెట్టవలెను. ఆ నెంబర్లనే పెద్ద అంకెలతో అట్టమీద వ్రాసి గోడకు అంటించవలెను. ఫోను చెడినప్పుడు పొరుగింటి ఫోనుతోనైనను పిలువవచ్చును.

(ఇ) ఫోటో తీసి పంపుట. ఒకే మందును వేరు వేరు కంపెనీలు వేరు వేరు పేర్లతో అమ్మును. నిరుటి స్ట్రిప్పు పచ్చది, ఈ నెలది నీలము, పేర్లు వేరు. లోపల నున్నది మాత్రము రెండింట మెట్‌ఫార్మినే కావచ్చును. రోగి రెండును వేరనుకొని రెండింటిని వేసుకొన్న సందర్భములు కలవు. కొత్త స్ట్రిప్పు చేతికి రాగానే పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ కనబడునట్లు ఫోటో తీసి మందుల అంగడికో చదువుకొన్న బిడ్డకో పంపి అడుగవలెను. అంగడివారు స్ట్రిప్పు కత్తిరించునప్పుడు పేరున్న భాగము రోగికి వచ్చునట్లు అడిగి తీసుకొనవలెను. వైద్యుని చీటీ ఫోటో కూడ ఫోనులో ఉన్నచో, ప్రయాణములో చీటీ పోయినను మందు దొరకును.

(ఈ) గొంతుతో కబురు పంపుట. వాట్సాప్‌లో మైకు గుర్తును నొక్కి పట్టి మాటలాడి వదలినచో మాట అవతలికి చేరును. అక్షరముతో పని లేదు, తెలుగుననే చెప్పవచ్చును. "ఈ రోజు కాళ్ళు వాచినవి, తల తిరుగుచున్నది" అని కూతురుకు చెప్పినచో, ఆమె వైద్యునికి తమిళమున చెప్పును. మన పెద్దలకు అన్నిటికంటె త్వరగా పట్టుబడు నేర్పు ఇదియే. దీనితోనే బోధన మొదలుపెట్టుట మంచిది.

(ఉ) చిట్టా వ్రాయుట, నిలువ సరిచూచుట. ఇది మన వర్తకుల విద్య. మందు మ్రింగగానే కూతురుకు మిస్డ్ కాల్ ఇచ్చు నియమము పెట్టుకొనవచ్చును. కాల్ రానిచో కూతురే పిలుచును. కాని పైన చెప్పిన 99డాట్స్ పరీక్ష నేర్పినదేమి? మిస్డ్ కాల్ రసీదు కాదు. కావున నెలకొక పర్యాయము నిలువ లెక్క చూడవలెను. రోజుకొకటి చొప్పున ముప్పది మాత్రలు తెచ్చి ఇరువది దినములైనచో డబ్బాలో పది ఉండవలెను. పదునాలుగు ఉన్నచో నాలుగు దినములు తప్పినవి. ఏడే ఉన్నచో ఏదో దినమున రెండేసి వేసుకొన్నారు. ఇది మొదటిదానికంటె అపాయము. పుస్తకపు నిలువయు చేతి నిలువయు సరిపోవలెనని అంగడిలో పట్టుపట్టు మనము, తల్లిదండ్రుల మాత్రల విషయములో ఆ పని ఏల చేయము?

వేళ తప్పిన మాత్ర సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. తప్పినదానికి బదులుగా తరువాతి వేళకు రెండు వేసుకొనరాదు. ఒక్కొక్క మందునకు ఒక్కొక్క నియమము కలదు గనుక వైద్యుని ముందే అడిగి, ఆ జవాబును గొంతు కబురుగా ఫోనులో దాచుకొనుట మేలు.

6. మన ఆచారములు – మందు వేళలు

వైద్యుడు "రాత్రి భోజనానంతరము ఒకటి" అని వ్రాసి, అలారము రాత్రి తొమ్మిది గంటలకు పెట్టినచో, సూర్యాస్తమయము తరువాత అన్నము, నీరు ముట్టని మన పెద్దలు ఏమి చేయుదురు? గంట మోగును; వారు చేయి జోడించి గంట ఆపివేయుదురు. వైద్యునికి ఈ సంగతి తెలియదు, వారు చెప్పరు. మందు పనిచేయలేదని తలచి వైద్యుడు మోతాదు పెంచును. తరువాత బిడ్డల ఇంట పగటిపూట సక్రమముగా వేసుకొనుట మొదలుపెట్టినచో, ఆ పెరిగిన మోతాదు రక్తపోటును మితిమీరి దింపును.

దీనికి మందు సులభము. మొదటి దర్శనముననే వైద్యునితో, "మేము చీకటి పడిన తరువాత నీరు కూడ త్రాగము, వేళలు దానికి తగినట్లు వ్రాయుడు" అని చెప్పవలెను. చాలా మందులకు వేళ సవరింప వీలుండును. వీలుకాని వానిని వైద్యుడు చెప్పును. కంబములో సూర్యాస్తమయము కాలమును బట్టి సుమారు ఆరు గంటలు మొదలు ఆరుముప్పావు వరకు మారుచుండును. అలారమును కార్తీకమున ఒక తీరుగను ఆషాఢమున ఒక తీరుగను మార్చుకొనవలెను. నవకారసీ పాటించువారు ఉదయము సూర్యోదయమైన 48 నిముషములకు గాని నీరు ముట్టరు. పరగడుపున వేసుకొను థైరాయిడు మాత్రకు గంటను ఆ లెక్క చూచి పెట్టవలెను.

పర్యూషణ ఉపవాసముల సంగతి మరింత జాగ్రత్త గలది. గ్లిమెపిరైడ్ వంటి మధుమేహపు మాత్రయో ఇన్సులినో వేసుకొని ఆహారము లేకున్నచో రక్తములో చక్కెర అపాయకరముగా పడిపోవచ్చును. చెమట, వణకు, తత్తరపాటు దాని గుర్తులు. నీరు లేని ఉపవాసమున, మూత్రమును ఎక్కువ చేయు రక్తపోటు మాత్రలు ఒంటిలోని నీటిని మరింత తగ్గించును. తమంత తాము మందు మానుటయు తప్పు, మానక ఉపవసించుటయు తప్పు. పర్యూషణమునకు పదునైదు దినముల ముందు వైద్యునికి ఫోను చేసి అడుగుమని క్యాలెండరులో గంట పెట్టుట ఫోను చేయగల గొప్ప ఉపకారము. వ్యాధిగ్రస్తులు శక్తికి తగిన నియమమును గురువులనడిగి స్వీకరించుట మన సంప్రదాయమునకు విరుద్ధము కాదు.

క్యాప్సూలు తొడుగు సాధారణముగ జెలటిన్‌తో చేయుదురు. అది జంతు సంబంధమైనది. ఈ కారణమున కొందరు క్యాప్సూళ్ళను ఎవరికిని చెప్పక పారవేయుదురు. పారవేయుటకంటె ఫోటో పంపి, మాత్ర రూపమున దొరకునా యని అడుగుట మంచిది. అనేక మందులకు దొరకును.

7. జాగ్రత్తలు

ఫోను మేలు తెచ్చు దారియే కీడు తెచ్చు దారి. వాట్సాప్‌లో తిరుగు "ఈ ఆకు రసముతో మధుమేహము పది దినములలో మాయము" వంటి వార్తలను నమ్మి మాత్ర మానరాదు. ఆసుపత్రి పేరు చెప్పి ఓటీపీ అడుగువారికి చెప్పరాదు. మందు ఇచ్చుటకు ఏ వైద్యునికిని మీ బ్యాంకు నెంబరు అక్కరలేదు. రోగి చీటీని బంధువుల గ్రూపులో పెట్టరాదు. జబ్బు సంగతి రోగి సొంత ఆస్తి. ఛాతీనొప్పి, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మాట తడబడుట కనబడినప్పుడు సందేశము పంపి జవాబు కొరకు కూర్చుండరాదు; వెంటనే 108ని పిలువవలెను.

మతిమరుపు ముదిరినవారికి, చూపు బొత్తిగా లేనివారికి ఫోను విద్య నేర్పవలెనని బాధించరాదు. వారికి కావలసినది ఎదుట నిలిచి మందు ఇచ్చు మనిషి.

8. నేర్పు విధము – ఇంటివారి ధర్మము

పెద్దలు "ఇది ఎట్లు?" అని ఫోను చూపగానే పిల్లలు దానిని లాగికొని, రెండు క్షణములలో పని చేసి తిరిగి ఇచ్చుదురు. ఇట్లు చేసినచో పని జరుగును, విద్య రాదు. కొత్త గుమాస్తాకు ఆవర్జా నేర్పునప్పుడు మనము కలము మన చేతిలో ఉంచుకొందుమా? ఫోను వారి చేతిలోనే ఉండవలెను, నోటితోనే చెప్పవలెను. వారమునకు ఒక్క నేర్పు చాలును. చెప్పిన పిమ్మట "తెలిసినదా?" అని అడుగరాదు, ఎవరైనను తెలిసినదనియే చెప్పుదురు. "నాకు ఒకసారి చేసి చూపుడు" అని అడుగవలెను. మూడు దినములు తమంత తాము చేయగలిగినచో వచ్చినట్లు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మాత్ర తప్పిన దినమున గద్దించరాదు. గద్దించినచో మరునాటి నుండి "వేసుకొంటిని" అను అబద్ధమే వచ్చును. ఆ చిట్టాను నమ్మి వైద్యుడు తప్పుదారి పట్టును. ఏల తప్పినదని నెమ్మదిగా అడుగవలెను. కడుపులో మంటయా, ధర ఎక్కువయా, మందు అయిపోయినదా, తెచ్చువారు లేరా? ఫోను చేయలేని పని ఏదో అప్పుడు తెలియును.

ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములని మన పెద్దలు నాలుగు దానములు చెప్పిరి. కంబమునకు దాపున ఉత్తమపాళెము కొండ బండపై చెక్కిన తీర్థంకర ప్రతిమలును, అజ్జనంది ఆచార్యుని పేరు గల శాసనమును, వెయ్యేండ్ల క్రిందటనే ఈ లోయలో మన ధర్మము నిలిచియుండెనని తెలుపుచున్నవి. నేడు మందు కొనుటకు డబ్బిచ్చుటతో ఔషధ దానము సగమే జరుగును. ఆ మందును వేళకు వేసుకొను నేర్పు ఇచ్చినప్పుడు అది పూర్తియగును. శాస్త్ర దానమును దానితో కలియును. మన సంఘ సమావేశములలో భోజనమునకు ముందు ఒక అరగంట, యువకులు ఇద్దరిద్దరు పెద్దల ప్రక్కన కూర్చుండి ఈ అయిదు నేర్పులు చెప్పినచో ఖర్చు ఏమియు లేదు.

9. ఇంట అడిగి చూడవలసిన ప్రశ్నలు

1. మీరు వేసుకొను మందులు ఎన్ని? ఏది దేని కొరకు?
2. ఈ క్షణమున వైద్యునికి ఫోను చేయుమన్నచో ఎవరి సహాయము లేక చేయగలరా?
3. గంట మోగినప్పుడు మొదట ఏమి చేయుదురు? మాత్రయా, గంట ఆపుటయా?
4. ఈ నెల స్ట్రిప్పు పోయిన నెల స్ట్రిప్పు వలె లేనిచో ఎవరిని, ఎట్లు అడుగుదురు?
5. చీకటి పడిన తరువాత మందు ముట్టరని మీ వైద్యునికి తెలియునా?
6. నేడు డబ్బాలో ఎన్ని మాత్రలు ఉండవలెను? ఎన్ని ఉన్నవి?

ఆరవ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పించవద్దు. డబ్బా తెరచి, వారి ఎదుటనే, వారితో కలసి లెక్కపెట్టుడు.